ఎనిమిది అడుగుల వరండా

గృహ నిర్మాణ శాఖను ఆ ఏడాది ఆఖరుకల్లా మూసేస్తారన్న కబురు ఖాయమయ్యాక, డ్రాయింగు విభాగంలో మిగిలిన నలుగురిలో ముగ్గురు వేరే శాఖలకు దరఖాస్తులు పెట్టుకున్నారు. పెట్టుకోనిది స్కేలక్క ఒక్కతే. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయి, ఈ మాత్రానికి కొత్త కుర్చీ ఎందుకులే అనుకుంది. స్కేలక్క ఆమె అసలు పేరు కాదు. ఇంజనీరు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, గీత గీతా సిరాతో ఎక్కించే ట్రేసరుగా ముప్ఫై మూడేళ్ళ కిందట చేరింది. కంప్యూటర్లు వచ్చాక వాటినీ నేర్చుకుంది గానీ చేతిలో స్కేలు మాత్రం వదల్లేదు. అలా ఆఫీసులో పుట్టిన పేరు ఆమె వెంటే కాలనీకి కూడా వచ్చి స్థిరపడింది.

డైరెక్టరు గారు కొత్త మనిషి. శాఖను నడపడానికి కాదు, సర్దేయడానికి పంపించారాయన్ని. మర్యాదస్తుడు. ఒకరోజు ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు.

“ఇక్కడ అందరికంటే పాతవాళ్ళు మీరే. మూసేసే ముందు శాఖ చరిత్ర చిన్న పుస్తకంగా వేద్దామనుకుంటున్నాం. మీరు రాసిపెట్టాలి. నలభై పేజీలు చాలు. ఫోటోలు ఎక్కువ, రాత తక్కువ. రాజకీయాలు అసలొద్దు.”

“ఇళ్ళ చరిత్ర రాజకీయాలు లేకుండా ఎలా రాస్తామండీ?”

“తేదీలు రాయండి,” అన్నాడాయన, ఎంతో తేలిగ్గా.

తేదీలు ఆమెకు కొట్టినపిండి. మొదటి ప్రభుత్వం ‘ఇల్లు హక్కు’ అంది. రోడ్డూ నీళ్ళూ ఎలాగో ఇల్లూ అలాగే, మేం కడతాం, మనిషి బతికున్నంతకాలం చిన్న అద్దెకు ఉంటాడు, ఎవరూ వెళ్ళగొట్టలేరు, ఎవరూ అమ్ముకోలేరు అని చట్టం చేసింది. ఇరవై ఏడేళ్ళ తర్వాత వచ్చిన రెండో ప్రభుత్వం ‘ఎవరి ఇల్లు వాళ్ళదే’ అంది. సొంతిల్లున్నవాడు బుద్ధిగా ఉంటాడు, సమ్మెలకు పోడు అని లెక్కవేసి, ఉన్న ఇళ్ళను అందులో ఉన్నవాళ్ళకే అమ్మకానికి పెట్టింది. ఇప్పటి ప్రభుత్వానికి నినాదం కూడా లేదు. ఇళ్ళు కట్టడం మా పని కాదు, కావలసినవాళ్ళు బ్యాంకుకు వెళ్ళండి అంది. ఈ మూడు ముక్కలూ రాయడానికి ఆమెకు అరపూట పట్టింది. చిక్కంతా వరండా దగ్గర వచ్చింది.

మొదటి ప్రభుత్వం కట్టిన కాలనీలన్నిటికీ ఒకటే నమూనా. నాలుగంతస్తుల భవనం, అంతస్తుకు ఎనిమిది ఇళ్ళు, ఇంటికి రెండు గదులూ ఒక వంటగదీ. ఒక కొసన మెట్లు. ఎనిమిది తలుపులూ ఒకే ఉమ్మడి వరండాలోకి తెరుచుకుంటాయి. ఆ వరండా వెడల్పు ఎనిమిది అడుగులు. నడవడానికి నాలుగు చాలు. తక్కిన నాలుగడుగులు ఎలా వచ్చాయో స్కేలక్క వాళ్ళన్నయ్య నోటి మీదుగానే విన్నది.

అన్నయ్య నేతమిల్లులో కార్మికుడు, సంఘం నాయకుడు. చేతికి దొరికితే దించేవాడు కాదు గనక జనం ఆయనకు ‘మైకు’ అని పేరు పెట్టారు. ఆమె ఇప్పుడుంటున్న కాలనీ ప్రారంభోత్సవం రోజున మంత్రి పక్కన నిలబడి ఆయన చేసిన ఉపన్యాసం ఆమెకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. “మనిషిని నాలుగు గోడల మధ్య పెట్టి మూత వేస్తే అది ఇల్లు కాదు, పెట్టె! మనిషికి మనిషి కావాలి. అందుకే మంత్రిగారి ముందు నిలబడి అడిగాం. నడవడానికి నాలుగడుగులు, కూర్చుని మాట్లాడుకోడానికి ఇంకో నాలుగడుగులు! ఇచ్చారు!” చప్పట్లతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. అప్పుడామెకు ఇరవై ఒకటో ఏడు. ఆ నాలుగడుగుల మీద మనసుపడే ఆమె డ్రాయింగు నేర్చుకుని ఈ శాఖలో చేరింది. తర్వాత ఆమె తన చేత్తో ఎక్కించిన కాలనీలు పందొమ్మిది. పందొమ్మిదింటిలోనూ వరండా ఎనిమిది అడుగులే.

ఆ అన్నయ్యతో ఆమె మాట్లాడి పదకొండేళ్ళయింది.

ఇళ్ళ అమ్మకం మొదలైనప్పుడు, ఫారం ముట్టుకోవద్దని అన్నయ్య నెలరోజులు సందుసందునా తిరిగి గొంతు చించుకున్నాడు. ఆమె కూడా, తన ఉద్యోగం పోతుందని తెలిసే, తెల్లవారుజామున గోడలకు కాగితాలు అంటించింది. ఆ నెలాఖరుకు ఇళ్ళు కొన్నవాళ్ళ మొదటి జాబితా ఆఫీసుకొచ్చింది. నాలుగో పేరు అన్నయ్యది. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కాగితాల తీగకు గుచ్చి, ఆ రోజు నుంచి అన్నయ్య ఇంటి ముందున్న బస్సు స్టాపు మానేసి, కాలనీ వెనక స్టాపులో బస్సెక్కడం మొదలుపెట్టింది. ఆయనా రాలేదు, పిలవలేదు. రెండేళ్ళ కిందట వదిన పోయినప్పుడు వెళ్ళింది గానీ, వెనక వరసలో నిలబడి, ఆయన తలెత్తేలోపు వచ్చేసింది. మూడు సందుల దూరం. ఒకే కాలనీ.

ఆమె ఇల్లు కొనలేదు. మూడో అంతస్తులో ఎనిమిదో ఇల్లు, చిట్టచివరిది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇద్దరూ, ఇళ్ళ అమ్మకానికి ముందే ఆవిడ పోయాక ఒక్కతే. ఎవరైనా సరే ఆమె తలుపు దాకా రావాలంటే ఏడు తలుపులు దాటి రావాలి. పూర్వం సాయంత్రమైతే వరండా నిండా కుర్చీలూ చాపలే. ఇప్పుడు ఎవరి తలుపు వెనక వాళ్ళ టీవీ. ఆమె మాత్రం ఆఫీసు నుంచి వచ్చి, టీ కాచుకుని, కొసన కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చునేది. అటువైపుగా వచ్చేవాళ్ళు లేరు గనక పలకరించేవాళ్ళూ లేరు. ఒక్కోరోజు ఆఫీసులో ‘సరేనండి’ అన్న మాట తప్ప నోట్లోంచి ఇంకో మాట రాకుండానే పొద్దు గడిచిపోయేది.

ఒక ఆదివారం ఉదయం ఏడో ఇంట్లో ఉండే బస్సు డ్రైవరు భార్య వచ్చి తలుపు తట్టింది.

“అక్కా, ఉన్నావా? చిన్న సంతకం.”

కాగితం మీద ఏడు సంతకాలున్నాయి. వరండాలో తలుపుల వైపు నాలుగడుగులు దారి వదిలి, పిట్టగోడ వైపు మిగతా నాలుగడుగులు ఎవరి తలుపు ఎదురుగా వాళ్ళు గదిలా మూసుకుంటారట. సొంతదారు గానీ అద్దెదారు గానీ, అంతస్తులో ఎనిమిదిళ్ళవాళ్ళూ ఒప్పుకుంటేనే మున్సిపాలిటీ అనుమతిస్తుందట.

“ఇది ఉమ్మడి జాగా కదమ్మా. అందరూ కూర్చోడానికి...”

“ఎవరు కూర్చుంటున్నారక్కా?”

డ్రైవరు భార్య ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది.

“నీకొక్కదానికి రెండు గదులు, మాకు ఆరుగురికి రెండు. మా అత్తయ్య వంటగదిలో పడుకుంటోంది. పెద్దది పరీక్షలకి మెట్ల మీద కూర్చుని చదువుకుంటోంది. నువ్వే చెప్పక్కా.”

“చూస్తానమ్మా,” అంది స్కేలక్క.

ఆ మాటకు ఆఫీసులో ఏ అర్థమో వరండాలోనూ అదే అర్థమని అందరికీ తెలుసు. వారం తిరిగేసరికి మెట్ల దగ్గర ఎదురైనవాళ్ళు ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆమె వస్తుంటే మాటలు ఆగిపోయేవి. డ్రైవరు తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరినంత పని చేసింది రెండు రోజులు, ఆనక ఆవిడా మానేసింది. పోరు ఉన్నప్పుడే నయమనిపించింది స్కేలక్కకు.

ఇలా ఉండగా రికార్డు గదిలో ఆ ఫైలు బయటపడింది. బూజుపట్టిన అట్టల మధ్య, మొదటి నమూనా మంజూరైన నాటి ఫైలు. అన్నయ్య మంత్రి ముందు నిలబడి వాదించిన సమావేశం వివరాలు ఉంటాయని ఆత్రంగా తిప్పింది. సమావేశం లేదు, వాదన లేదు. చీఫ్ ఇంజనీరు చేతిరాతతో ఒకే ఒక్క పేజీ. ‘వరండా వెడల్పు ఎనిమిది అడుగులకు పెంచినచో, నాలుగిళ్ళకు ఒక మెట్ల వరుస బదులు ఎనిమిదిళ్ళకు ఒకటి సరిపోవును. కేవలం పొదుపు దృష్ట్యా సిఫారసు చేయడమైనది. ఇతర కారణములేవియు లేవు.’ కింద మంత్రి పొడి సంతకం.

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడింది. మెట్లు మిగులుతాయని ఇచ్చారన్నమాట నాలుగడుగులు. ఆ మెట్ల పొదుపును పట్టుకుని అన్నయ్య మైకులో కథ అల్లాడు, ఆ కథను పట్టుకుని తను ముప్ఫై మూడేళ్ళు గీతలు గీసింది. అన్నయ్య ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత కోపం రాలేదామెకు. ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం పదకొండేళ్ళ తర్వాత ముందువైపు స్టాపులో బస్సు దిగి, నేరుగా వెళ్ళి అన్నయ్య తలుపు తట్టింది.

తట్టింది, బాదింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చి, “గట్టిగా కొట్టండి, ఆయనకు వినబడదు,” అన్నారు. మగ్గాల మోత మధ్య ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ చెవులు రిటైరయ్యాక పూర్తిగా మొరాయించాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆయన తలుపు తీశాడు. మనిషి సగమయ్యాడు. గొంతు మాత్రం తగ్గలేదు.

“లోపలికి రా,” అన్నాడు పదివేలమందికి వినబడేలా.

ఆమె కూర్చోలేదు. ఆ పేజీ నకలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

“ఎందుకు నవ్వుతున్నావ్?”

“ఏమిటీ?”

“ఎందుకు నవ్వుతున్నావని!” అరిచింది. పక్కింట్లో టీవీ సద్దుమణిగింది.

“ఇది నేను రాయించిందేనే! ఆ ఇంజనీరూ నేనూ టీకొట్టు బల్ల మీద కూర్చుని రాశాం. జనం కూర్చుని మాట్లాడుకోడానికి అని రాస్తే మంత్రి ఒక్క గీతతో కొట్టేసేవాడు. మాట్లాడుకునే జనమంటే మంత్రులకి భయం, వాళ్ళు మనవాళ్ళయినా సరే. ఏం రాస్తే ఒప్పుకుంటాడని అడిగాను. మెట్లు తగ్గుతాయని రాద్దాం అన్నాడు ఇంజనీరు. ఈ ఆఖరి వాక్యం చూడు. ఇతర కారణాలేవీ లేవట! నిజంగా ఏ కారణమూ లేనివాడు ఆ మాట రాస్తాడా?”

ఆమె కాగితం తీసుకుని మళ్ళీ చదివింది. ముప్ఫై మూడేళ్ళలో ఎన్ని వేల ఫైళ్ళు చూసింది! అలాంటి వాక్యం ఇంకెక్కడా లేదు.

“మరి మంత్రి ముందు నిలబడి అడిగామన్నావు?”

“ప్రారంభోత్సవం రోజు అన్నాను. అప్పటికి కట్టడం అయిపోయింది కదా. ఆయన పక్కనే కునుకు తీస్తున్నాడు. చప్పట్లకి లేచి దండం పెట్టాడు.”

ఆమెకు నవ్వు రాబోయింది. మింగేసింది.

“అంత చేసినవాడివి ఎందుకు కొన్నావు? మొదటి జాబితాలో! నాలుగో పేరు!”

ఆయన కళ్ళజోడు తీసి మడిచాడు. వినబడలేదేమోనని ఆమె మళ్ళీ అరవబోయింది. చెయ్యెత్తి ఆపాడు.

“మనల్ని ఇంట్లోంచి గెంటేసినప్పుడు నీకు నాలుగేళ్ళు. ఏం గుర్తుంది నీకు?”

“బీరువా రోడ్డు మీద ఉంది. వాన పడుతోంది.”

“నాకు పద్నాలుగు. నాన్న మళ్ళీ గది దొరుకుతుందేమోనని తిరుగుతున్నాడు. అమ్మ ట్రంకుపెట్టె మీద రెండు రోజులు కూర్చుంది, నిన్ను ఒళ్ళో పెట్టుకుని. దారినపోయేవాళ్ళు మన గిన్నెలు చూసుకుంటూ పోయారు. నేను బీరువాకి కాపలా. ఆ రెండు రోజుల కోసమే సంఘంలో చేరాను, ఆ చట్టం కోసం తిరిగాను. ప్రభుత్వం మనదైనన్నాళ్ళు అద్దె ఇల్లు హక్కు. మారిందా, అద్దె ఇల్లు మళ్ళీ అద్దె ఇల్లే. అమ్మకానికి పెట్టిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. పగలు మైకులో వద్దని చెప్పేవాణ్ణి, ఇంటికొస్తే గడియ పడిందో లేదో చూసుకుంటూ తిరిగేవాణ్ణి. మీ వదిన ఫారం తెచ్చి ముందు పెట్టింది. సంతకం పెట్టేశాను.”

“నాతో చెప్పొచ్చుగా?”

“చెబితే నువ్వొక చూపు చూస్తావు. ఇప్పుడు చూస్తున్నావే, ఈ చూపు. అది భరించలేక.”

“పదకొండేళ్ళు తప్పించుకున్నావు,” అంది. ఆ మాట మామూలు గొంతుతో అంది. ఆయనకు వినబడలేదు. మళ్ళీ అనబుద్ధి కాలేదామెకు.

ఇంటికి నడుస్తూ మూడు సందుల్లోనూ భవనాల వంక చూసుకుంటూ వెళ్ళింది. చాలా అంతస్తుల్లో వరండాలు ఎప్పుడో మూసేశారు, రంగురంగుల రేకులతో, ఇటుకతో. మూడో అంతస్తుకు వచ్చేసరికి డ్రైవరు పెద్దకూతురు మెట్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. ఆమెను చూసి ఒదిగి దారి ఇచ్చింది, తలెత్తకుండా. బీరువాకి కాపలా ఉన్న పిల్లవాడికీ అదే వయసు. స్కేలక్క తన తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి ఏడో తలుపు తట్టింది.

“సంతకం పెడతాను. కానీ కట్టేది నా బొమ్మ ప్రకారం కట్టండి. గోడ నడుం ఎత్తే, పైన అద్దం. లేకపోతే దారి చీకటైపోతుంది. నాలుగడుగుల్లో ఏముంటుందనుకోకు, మంచం గోడవారగా వేస్తే కిటికీ కింద బల్ల పడుతుంది.”

ఆ వారమంతా ఆఫీసు అయ్యాక ఏడు ఇళ్ళూ కొలిచింది. ఏ ఇంట్లో ఎవరెక్కడ పడుకుంటారు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది అని అడిగి రాసుకుంది. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఒకరు టీ ఇచ్చారు, ఒకరు కుర్చీ వేశారు. తన కోసం కాక గీత కోసమే ఈ మర్యాదంతా అని తెలిసినా ఆమెకు బాగానే ఉంది. ఏడు ఇళ్ళకు ఏడు బొమ్మలు, పాత పద్ధతిలో, సిరాతో ఎక్కించి ఇచ్చింది. తన తలుపు ముందు జాగా తాకలేదు.

ఏడుగురిలో ఆ బొమ్మ ప్రకారం కట్టింది ఇద్దరే. మిగతావాళ్ళు మేస్త్రి మాట విని కప్పు దాకా ఇటుక లేపేశారు. డ్రైవరు భార్య కూడా.

“అద్దాలైతే అందరికీ కనబడుతుందని ఆయన ఒద్దన్నారక్కా. ఏమనుకోకు,” అంది నీళ్ళు నములుతూ.

“నీ ఇల్లు నీ ఇష్టమమ్మా,” అంది స్కేలక్క. అనేశాక, అది రెండో ప్రభుత్వం మాట అని గుర్తొచ్చింది.

పుస్తకం చిత్తుప్రతిలో వరండా గురించి ఆమె రెండు పేరాలు రాసింది. ఫైల్లో ఉన్న కారణం ఒకటి, ఫైల్లో లేని కారణం ఒకటి. డైరెక్టరు గారు రెండోదాన్ని పెన్సిలుతో చుట్టాడు.

“దీనికి ఆధారం లేదు కదండీ.”

“మనిషి ఉన్నాడు.”

“కాగితం ఉండాలి.”

“మనిషిని తీసుకొస్తే కాగితం మీద పెడతారా?”

ఆయన మర్యాదస్తుడు గనక కాదనలేకపోయాడు. మర్నాడు ఉదయం ఆమె అన్నయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి. డైరెక్టరు గారు మెల్లగా అడిగిన మొదటి ప్రశ్న ఆయనకు వినబడనే లేదు. వినబడాల్సిన అవసరమూ రాలేదు. లేచి నిలబడి మొదలుపెట్టాడు. టీకొట్టు బల్ల, ఇంజనీరు, పొదుపు, ఆఖరి వాక్యం. ఆ గొంతుకు గది చాల్లేదు. పెట్టెల్లో కాగితాలు సర్దుకుంటున్న గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కునుకు తీసిన మంత్రి దగ్గరికి వచ్చేసరికి అందరూ గొల్లుమన్నారు. డైరెక్టరు గారు కూడా నవ్వాడు. అన్నయ్య ఇల్లు కొన్న సంగతి కూడా దాచలేదు. “ఆ చట్టం కోసం తిరిగినవాణ్ణి నేనే, దాన్ని నమ్మలేకపోయినవాణ్ణీ నేనే. రెండూ రాసుకోండి,” అని కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన చోటు కాదది.

పుస్తకంలో ఆ రెండో కారణం పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో వచ్చింది. ‘ఒక మాజీ కార్మిక నాయకుడి కథనం ప్రకారం, నివాసులు కూర్చుని మాట్లాడుకొనుటకు కూడా ఈ స్థలము ఉద్దేశింపబడినది.’ ఇల్లు కొన్న మాట వేయలేదు. ఆ ‘కూడా’ డైరెక్టరు గారిది.

అన్నయ్య ఆఫీసుకు వచ్చిన రోజు ఇద్దరూ ఒకే బస్సులో తిరిగొచ్చారు, పక్కపక్క సీట్లలో. బస్సు మోతలో ఆయనకు ఏమీ వినబడదు గనక ఏమీ మాట్లాడుకోలేదు. దిగాక ఆయన తన తలుపు వైపు చూపించి, “రా, టీ తాగి వెళ్దువు గాని,” అన్నాడు. ఆమె వెళ్ళలేదు. కోపం మిగిలి కాదు. పదకొండేళ్ళుగా సాయంత్రాలు ఒంటరిగా గడిపే మనిషికి ఇంకొకరి వంటగదిలో ఎక్కడ నిలబడాలో, కప్పులు ఎక్కడుంటాయో తెలియదు. అదంతా ఆ పూటకు మించిన పని అనిపించింది.

“ఇంకోసారి వస్తాలే,” అంది.

“ఏమిటీ?”

“ఇంకోసారి అని!” అరిచింది. స్టాపులో ఇద్దరు తిరిగి చూశారు.

ఆయన తలూపి లోపలికి వెళ్ళాడు. ఆమె మూడంతస్తులు ఎక్కి వచ్చింది. వరండాలో పట్టపగలే దీపం వెలుగుతోంది, కొత్తగా పెట్టారు. రెండు పక్కలా గోడల మధ్య ఏడు గదులు దాటుకుంటూ నడిచింది. ఏడో గదిలోంచి పిల్ల పాఠం వల్లెవేస్తున్న గొంతు సన్నగా వినబడుతోంది. కాసేపు నిలబడి విన్నది. తర్వాత తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, టీకి నీళ్ళు పెట్టింది.